ముక్కూమొహం తెలియనివారి ఓదార్పు దైవానుగ్రహమా, విచారణ (మన చర్చి సంఘం) లోటుకు గురుతా?

గుంటూరు సోదరి:
అమ్మ పోయిన మూడో నెలలో, ఫిబ్రవరి 11న, విజయవాడలోని గుణదల మరియమాత తిరునాళ్లకు వెళ్లాను. పరామర్శకు వచ్చిన బంధువులందరూ "దేవుని చిత్తం, ఏడవకూడదు" అని చెప్పి వెళ్లినవారే కావడంతో అప్పటివరకు నాకు కన్నీరు రాలేదు. కొండ మెట్ల మీద కూలబడిన నన్ను చూసి, బిడ్డ తలనీలాలు ఇప్పించడానికి వచ్చిన, నుదుట కుంకుమ ఉన్న ఒకామె "ఏమైందమ్మా?" అని మాత్రం అడిగి, ఒక కొబ్బరిచిప్ప నా చేతిలో పెట్టి, నా ఏడుపు తీరేదాకా పక్కనే కూర్చున్నారు. ఇది విన్న మా విచారణ పెద్ద ఒకరు, "అది మనుషుల ఓదార్పు, కతోలికులకు ఓదార్పు దివ్యపూజలోనే (గురువు రొట్టె, ద్రాక్షారసాలు అర్పించే చర్చి ఆరాధనలోనే) ఉన్నది" అన్నారు. ఆయన మాట సరైనదేనా?

పటమట నుండి:
మాట కటువైనదే గాని కొట్టివేయదగినది కాదు. ఆమె మీ గుండె బరువు దించారు, సంతోషం. అయితే మీ అమ్మగారి ఆత్మ కోసం ప్రార్థించవలసిన బాధ్యత సంఘానిది. చనిపోయినవారిని స్మరించే నవంబరు 2న సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించవలసినది మనమే. దారిలో దొరికిన ఆదరణను గొప్ప చేసే కొద్దీ, పక్క వీధిలోని మనవాళ్లు తమ పని తీరిపోయిందనుకుంటారని నా భయం.

గుణదల నుండి:
మనవాళ్లు తప్పుకున్న తరువాతే కదండీ ఆమె వచ్చి కూర్చున్నది. బైబిల్లో అన్నీ పోగొట్టుకుని దుఃఖపడిన యోబును చూడవచ్చిన మిత్రులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నంత కాలం మంచి మిత్రులే. దేవుని తరఫున వాదించడం మొదలుపెట్టాకే యోబుకు భారమయ్యారు. లూకా సువార్త 24వ అధ్యాయంలో ఎమ్మావు దారిన దిగులుగా నడుస్తున్న ఇద్దరు శిష్యులను కలిసిన బాటసారి కూడా, లేఖనాలు వివరించే ముందు, ఏమి మాట్లాడుకుంటున్నారని అడిగి వారి గోడంతా విన్నాడు. ఆయన యేసు ప్రభువని వారు గుర్తించినది రొట్టె విరిచినప్పుడే, అంటే పూజను తలపించే చోటనే. కానీ ఆ బల్ల దాకా వారితో నడిచినది వారి కంటికి ఒక పరాయివాడు. ఆ మాటకొస్తే, 1924లో ఫాదర్ ఆర్లాటి గారు లూర్దుమాత స్వరూపాన్ని నెలకొల్పిన ఆ కొండ మీద, మొక్కు తీర్చుకోవడానికి మాత దగ్గరికే వచ్చిన తల్లిని పరాయిది అనడానికి నాకు మనసొప్పదు.

పటమట నుండి:
యోబు విషయంలో మీ మాటే నిజం, ఒప్పుకుంటున్నాను. అయినా ఆరో నెలలో ఈ సోదరి తలుపు తట్టేది ఎవరన్న నా ప్రశ్న అలాగే ఉన్నది.

గుంటూరు సోదరి:
ఆ ప్రశ్న నాకూ ఉన్నది. వచ్చే ఆదివారం అమ్మ ఆత్మశాంతికి పూజ చెప్పించుకున్నాను; ఆ పెద్దాయన వస్తానన్నారు, చూడాలి. కొండ మీది ఆమె కుటుంబాన్ని కూడా పూజలో తలచుకోమని కోరితే ఫాదర్‌గారు పేరు అడిగారు. తెలియదన్నాను. "గుండు చేయించుకున్న బిడ్డ, వాళ్లమ్మ" అని రాసుకున్నారు.