ప్రోనోటు బాకీ, క్షమాపణ: సంఘ పెద్దలు ఏం చెప్పాలి?

గాజువాక_పెద్ద:
అందరికీ వందనాలు. ఒక విశ్వాసి ఇంకో విశ్వాసి దగ్గర ప్రోనోటు రాసి 2 లక్షలు తీసుకున్నాడు. రెండేళ్ళు దాటింది. అసలూ లేదు, వడ్డీ లేదు, ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటున్నాడు. ఇచ్చినాయన కోర్టుకెళ్తానంటే "క్షమించాలి కదా బ్రదర్" అని కొందరు, "ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకునే ఆదివారం లోపు చేతులు కలిపించేయండి" అని కొందరు. వాక్యప్రకారం దీన్ని ఎలా నడపాలి?

సువార్త_పాఠం:
పెద్దాయనా, చేతులు కలిపించడం ఆఖరి పని. దాన్ని ముందు పెడితే అప్పు తీసుకున్నవాడు కరచాలనాన్నే రసీదు అనుకుంటాడు.

ప్రభువు ప్రార్థనలో మత్తయి 6:12 తెలుగులో "ఋణస్థులు" అనే ఉంది. అంటే క్షమించేముందు బాకీ ఎంతో తేలాలి. అదే మత్తయి 18వ అధ్యాయంలో ఒక ఉపమానం ఉంది: రాజు పదివేల తలాంతుల అప్పు క్షమించిన దాసుడు, తనకి బాకీ ఉన్న తోటి దాసుణ్ణి క్షమించడు. ఆ తోటి దాసుడి అప్పు నూరు దేనారాలు. దేనారం ఒక రోజు కూలి. మన విశాఖలో రోజుకి 800 వేసుకున్నా 80 వేలు! చిన్న మొత్తమేం కాదు, యేసు కూడా దాన్ని చిన్నదని అనలేదు. పదివేల తలాంతుల పక్కన పెట్టాడంతే. తలాంతుకి సుమారు 6,000 దేనారాలు. అదే కూలి లెక్కన 4,800 కోట్లు. "పోనీలే, ఎంతని" అనడం క్షమాపణ కాదు, నష్టాన్ని తక్కువచేసి చూపడం.

నడక అదే అధ్యాయం 15 నుంచి 17 వచనాల్లో ఉంది. మొదట ఇచ్చినాయన ఒక్కడే వెళ్ళి అడగాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్ళాలి. అప్పుడూ వినకపోతే సంఘం. మన దగ్గర ఎక్కువగా చెడేది మొదటి మెట్టులోనే: ఆయన వెళ్ళకముందే సంగతి కుటుంబ ప్రార్థనల్లో "ప్రార్థనాంశం" అయిపోతుంది. ఆ తర్వాత పేరు చెప్పకుండా ప్రసంగంలో కొట్టినా అందరికీ తెలుస్తుంది.

కోర్టు_గుమస్తా:
వాక్యం వాళ్ళు చెప్పారు, నేను తేదీ చెప్తాను. డిమాండు ప్రోనోటుకి, అంటే అడిగినప్పుడు ఇస్తానని రాసిన నోటుకి, కోర్టులో దావా వేయడానికి రాసిన రోజు నుంచి 3 ఏళ్ళే గడువు. పెద్దలు "చూద్దాం, చూద్దాం" అంటూ అది దాటించారంటే ఆయన క్షమించినట్టు కాదు, మీరు ఆయన చేతులు కట్టేసినట్టు. గడువులోపు కొంత కట్టించి, నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేసి బాకీదారు చేత సంతకం పెట్టించండి. అక్కణ్ణుంచి మళ్ళీ 3 ఏళ్ళు. ఆ తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. నోటిమాటగా "ఇస్తాన్లెండి" అన్నది పనికిరాదు.

గాజువాక_పెద్ద:
మరి 1 కొరింథీ 6 మాటేమిటి? సహోదరుడి మీద వ్యాజ్యం వద్దన్నాడు కదా పౌలు.

సువార్త_పాఠం:
అన్నాడు. కానీ 5వ వచనంలో బుద్ధిమంతుడు తీర్పు తీర్చాలనీ అన్నాడు, అంటే పెద్దలు కూర్చుని తేల్చాలి. "నష్టం సహించకూడదా" అనే 7వ వచనం నష్టపోయినవాడు తనంతట తాను ఎంచుకునేది. పెద్దలు ఆయన జేబులోంచి దానం చేయకూడదు. "మీరే సహోదరులకి అన్యాయం చేస్తున్నారు" అనే 8వ వచనం అప్పు ఎగ్గొట్టేవాడికి. దాన్ని ఎవరూ బిగ్గరగా చదవరు!

నిజంగా లేనివాడైతే వడ్డీ మాఫీ చేయించి, అసలుకి నెలకి ఇంతని వాయిదా వేయించండి. ఉండి ఎగ్గొడుతుంటే జక్కయ్యని చూపించండి. లూకా 19:8లో ఆ సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

మర్రిపాలెం_అక్క:
ఒక్క హెచ్చరిక అన్నయ్యా. ఈ పద్ధతి డబ్బు తగాదాలకీ మాట తగాదాలకీ సరిపోతుంది. భర్త కొడుతున్నాడని వచ్చిన ఆవిణ్ణి "మొదట ఒంటరిగా వెళ్ళి మాట్లాడు" అని పంపితే మళ్ళీ దెబ్బలకి పంపినట్టే. ముందు ఆవిడ క్షేమంగా ఉండే చోటు చూడాలి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించాలి. పిల్లల మీద లైంగిక దాడి అయితే పెద్దలకసలు తీర్పే లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి. కీడు చేసేవాణ్ణి శిక్షించడానికి అధికారి ఉన్నాడనే రోమా 13:4 ఉన్నది అందుకే.

ఇక లోపలి క్షమాపణ సంగతి. మార్కు 11:25 ప్రకారం అది నిలబడి ప్రార్థించేటప్పుడు జరిగేది, అవతలివాడు ఎదురుగా ఉండక్కర్లేదు. తప్పు ఒప్పుకోనివాడి ఇంటికెళ్ళి "నిన్ను క్షమించాను" అంటే వాడికది నింద లాగే వినిపిస్తుంది, కొత్త గొడవ మొదలవుతుంది. ఆదివారం సాక్ష్యంలోనూ చెప్పించకండి. కోపం మళ్ళీ వస్తే మొదటిసారి క్షమించింది అబద్ధమని కాదు, ఆ పూట మళ్ళీ ప్రార్థించాలి.

కోర్టు_గుమస్తా:
ఇంకోటి. ఇచ్చినాయన అంతా వదిలేస్తానంటే నోటి మాటతో ఆపకండి. నోటు మీద "పూర్తిగా చెల్లు" అని రాసి, సంతకం పెట్టి, ఆ కాయితం బాకీదారుకే ఇచ్చేయమనండి. బీరువాలో ఉంచుకుంటే రేపు ఆయన కొడుకు తీస్తాడు.