మాస్టర్ ప్లాన్ సవరణ ముసాయిదా: ముందు ఏ నక్ష చూడాలె?

వార్డు కమిటీ (నల్లగొండ జిల్లా):
మా మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద వార్డు తరఫున అభ్యంతరాలు రాయాలె. అందరి నోట్ల పొలాల మీది వంద ఫీట్ల రోడ్డే ఉంది. అది కాక ఇంకేం చూడాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పండి.

టిప్పన్:
ప్రతిపాదనల నక్ష తర్వాత చూడండి. ముందు 'ప్రస్తుత భూ వినియోగం' నక్ష అడగండి. అందులో తప్పుంటే మీద వేసిన రంగులన్నీ తప్పే.

మన దిక్కు ఎక్కువగా తప్పేది కుంటల దగ్గర. ఉపగ్రహ చిత్రం ఎండకాలంలో తీసిందైతే ఎండిన కుంట ఖాళీ జాగాలా కనిపిస్తది, తర్వాత దాని మీద పసుపు రంగు, అంటే నివాస జోన్, పడుతది. అందుకే చిత్రం ఏ నెలదో అడగండి. గ్రామ నక్షలోని కుంటలు, శిఖం భూములు (చెరువు కడుపులోని భూములు), వాగులు ఒక్కొక్కటిగా సరిచూడండి. 2012 భవన నియమాల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండా నీళ్లున్నప్పటి హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్న చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. వాగు, నాలా 10 మీటర్ల కన్న వెడల్పుంటే 9 మీటర్లు, లేకుంటే 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ గీత నీటిపారుదల శాఖ హద్దు ప్రకారం ఉండాలి, చిత్రంలో నీళ్లు కనిపించినంత మేర కాదు.

రెండోది సర్వే నంబర్ల జరుగుడు. నక్ష 1:4000 స్కేలుదైతే కాగితం మీద 1 మిల్లీమీటరు అంటే నేల మీద 4 మీటర్లు. గ్రామ నక్షను చిత్రం మీద పరిచేటప్పుడు 5 మిల్లీమీటర్లు జరిగితే సర్కారు భూమిలో పోవాల్సిన రోడ్డు పక్కోడి పట్టాలో పడుతది. పాత బాయి, గుడి, కల్వర్టు, ఊరి ట్రైజంక్షన్ రాయి (మూడు ఊర్ల హద్దులు కలిసే చోటిది), ఈ నాలుగు చోట్ల నక్షను నేలతో పోల్చి కొలిచి చూడండి. తేడా అన్నింటా ఒకే దిక్కుకు ఉంటే నక్ష మొత్తం జరిగినట్టు. తలా ఒక దిక్కుకు ఉంటే సాగదీసి అతికించినట్టు, ఇది బాగుచేయడం కష్టం. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్ల దాక తప్పు చూపిస్తది. చిన్న తేడాలకు డీజీపీఎస్ (ఇంకా కచ్చితమైన సర్వే జీపీఎస్) కొలత అడగండి.

నక్షా బాట:
టిప్పన్ గారు చెప్పింది సరే. కానీ రోడ్డును వదిలేయొద్దు. 30 మీటర్ల (అంటే దాదాపు వంద ఫీట్ల) రోడ్డు కిలోమీటరుకు 3 హెక్టార్లు తింటది, అంటే సుమారు 7 ఎకరాల 16 గుంటలు. నక్షలో గీసినంత మాత్రాన పట్టా పోదు, కానీ అనుమతికి పోతే ఆ మేర వదలమంటరు. పాత ప్లాన్ రోడ్లన్నింటికీ పట్టిక అడగండి: గీసిన వెడల్పు, నేల మీద ఇప్పుడున్న వెడల్పు, అడ్డున్న ఇండ్లు. ఇన్నేండ్లలో తెరుచుకోని రోడ్డును మళ్లీ అట్లనే గీయడం సవరణ కాదు, నకలు. రెండు కొసలు కూడా చూడండి, వంద ఫీట్ల రోడ్డు పోయి నలభై ఫీట్ల గల్లీలో కలిస్తే ట్రాఫిక్ అక్కడే ఆగుతది.

లెక్కల మాస్టారు:
జనాభా అంచనా కూడా చూడండి. ఆధారం 2011 లెక్కలే అయితే ఆ తర్వాతి కుళాయి, కరెంటు కనెక్షన్లతో సరిపోల్చమనండి. కొత్తగా 50,000 మంది, హెక్టారుకు 125 మంది అనుకుంటే 400 హెక్టార్లు చాలు. అంతకు రెండింతలు పసుపు పూస్తే పైపులు, మోరీలు వేయలేక చస్తరు.

వార్డు కమిటీ:
నాలా మార్పిడి (వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగ మార్చుడు) అయిన జాగ ముసాయిదాలో వ్యవసాయ జోన్‌లో పడితే?

నక్షా బాట:
నాలా రెవెన్యూ పని, జోన్ ప్రణాళిక పని. (మురికి నాలాతో కలపకండి!) మార్పిడి ఉత్తర్వు ఉన్నా జోన్ దానంతట అది మారదు. ఆ ఉత్తర్వు నకలు ఇప్పుడే జతచేయండి, ముసాయిదా దశలో దిద్దడం తేలిక. తర్వాతైతే విడిగా భూ వినియోగ మార్పుకు దరఖాస్తు పెట్టుకోవాలె.

2023 జనవరిలో కామారెడ్డి ముసాయిదా మీద రైతులు రోడ్డెక్కితే కౌన్సిల్ రద్దు తీర్మానం చేయాల్సి వచ్చింది. అంత దూరం పోకముందే రాతలో పెట్టండి. ఒక్కో అంశానికి ఒక్కో కాగితం: షీటు నంబరు, సర్వే నంబరు, సబ్ డివిజన్, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) నకలు, మీరు సూచించే వేరే దారి. 'రోడ్డు వద్దు' అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తరు. గడువు తేదీ నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోకుండ కౌంటర్ కాడ నుంచి కదలకండి.