పుట్టాలని పట్టుబట్టినవారికి పుట్టిన బిడ్డపై బాధ్యత లేదా?

నీలికలువ:
గర్భస్రావాన్ని నిషేధించాలనేవారితో నాకు ఎన్నాళ్లుగానో ఒకటే పేచీ. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆ బిడ్డ కోసం చట్టాలు, కోర్టులు, ఊరేగింపులు. బయటపడ్డాక పాలెవరు పోస్తారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అని అడిగితే మాత్రం అది తల్లిదండ్రుల సొంత విషయమంటారు.

రుమేనియాలో ఏం జరిగిందో చూడండి. 1966లో నియంత చౌషెస్కూ ప్రభుత్వం 770వ నంబరు ఉత్తర్వుతో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించింది. మరుసటి ఏడాదికే జననాలు రెట్టింపుకు దగ్గరయ్యాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలేసరికి ప్రభుత్వ శిశుగృహాల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. వారిలో చాలామంది అనాథలు కారు. అమ్మానాన్నలు బతికే ఉన్నారు, పెంచలేక అప్పగించారు. ఎత్తుకునేవారు లేక, పేరు పెట్టి పిలిచేవారు లేక ఎందరో పసివాళ్లు తొట్టెల్లోనే ఏళ్లు గడిపారు. 2000లో రాజధాని బుకారెస్ట్‌లో అలాంటి శిశుగృహాల్లోని 136 మంది చిన్నారులతో ఒక పరిశోధన మొదలైంది. అందులో సగం మందిని పెంపకానికి కుటుంబాలకు ఇచ్చారు. రెండేళ్లలోపు ఇల్లు దొరికినవారు ఎక్కువగా కోలుకున్నారు. ఆ వయసు దాటాక వచ్చినవారికి జరిగిన నష్టం అంత తేలికగా పూడలేదు.

రాతిమెట్టు:
మీ బాధ నిజమే. తర్కం మాత్రం కుదరలేదు. పక్కింట్లో తండ్రి బిడ్డను చావబాదుతుంటే నేను అడ్డుపడతాను. "అయితే నువ్వే తీసుకెళ్లి పెంచుకో" అని అతను అంటే నేను వెనక్కి తగ్గాలా? గర్భంలో ఉన్నది మనిషే అని నమ్మేవాడు ముందు దత్తత పత్రం చూపించి ఆ తర్వాతే మాట్లాడాలనడం అలాగే ఉంది. ఇక చౌషెస్కూకు కావలసింది ప్రాణం కాదు, జనాభా. గర్భనిరోధకాలు కూడా దొరకకుండా చేసిన పాలన అది. ఆ పాపాన్ని మా ఖాతాలో రాయకండి.

నేనూ నా భార్యా అయిదేళ్లుగా నీడ లేని పిల్లలను ఇంట్లో ఉంచుకుని చూసుకుంటున్నాం. మాలాంటివారు లేనట్టే మాట్లాడటం న్యాయమేనా?

నీలికలువ:
మీ ఇంటి సంగతి తెలియక తొందరపడ్డాను, మన్నించండి. తర్కంలోనూ సగం మీతో ఏకీభవిస్తాను. తన నమ్మకం చెప్పుకోవడానికి ఎవరూ బిడ్డను పెంచి చూపించనక్కరలేదు. కానీ మీరు అడుగుతున్నది చట్టం. పక్కింటి తండ్రిని ఆపితే అతను చెయ్యి దించుతాడు, అంతటితో సరి. ఇక్కడ ఒక స్త్రీ తన ఒంటిని, చదువును, ఉద్యోగాన్ని, అప్పటికే ఉన్న పిల్లల తిండిని పణంగా పెట్టాలని రాజ్యం శాసిస్తోంది. అలా శాసించిన రాజ్యం తర్వాతి ఖర్చు నాది కాదని తప్పుకుంటే ఎలా? ఆ చట్టం కోసం ఓటు వేసినవారికి ఆ ఖర్చులో వాటా ఉంది.

పొద్దుపొడుపు:
"దత్తతకు ఇవ్వచ్చు కదా" అనేవారికి ఒక్క మాట. అమెరికాలో గర్భస్రావం కోసం వెళ్లిన దాదాపు వెయ్యి మంది స్త్రీలతో ఒక అధ్యయనం జరిగింది. గడువు దాటిందని నిరాకరించగా బిడ్డను కన్నవారిలో దత్తతకు ఇచ్చినవారు 9 శాతమే. మిగతావారు తామే పెంచుకున్నారు. నేను గర్భస్రావ హక్కు వైపు మనిషినే, అయినా మా పక్షంవారికీ ఒకటి చెప్పాలి. బిడ్డ కావాలని ఉండి కూడా డబ్బు లేక వద్దనుకున్న స్త్రీకి మనం ఏ స్వేచ్ఛ ఇచ్చినట్టు?

రాతిమెట్టు:
నిషేధం, పిల్లలకు సాయం రెండూ కలిపి చేసిన దేశం ఉంది. పోలండ్‌లో గర్భస్రావ చట్టం కఠినం. అయినా 2016 నుంచి రెండో బిడ్డ మొదలుకొని నెలకు 500 జ్లోటీలు (అక్కడి డబ్బు) ఇచ్చారు, 2019లో దాన్ని అన్ని కుటుంబాల్లో మొదటి బిడ్డకూ వర్తింపజేశారు.

నీలికలువ:
అదే పోలండ్‌లో 2018 వసంతంలో వికలాంగులైన తమ ఎదిగిన పిల్లలను వెంటబెట్టుకుని తల్లులు పార్లమెంటు భవనంలో 40 రోజులు బైఠాయించారు. వారు అడిగింది నెలకు మరో 500 జ్లోటీలు. ఆ నగదు సాయం దక్కకుండానే ఇంటిముఖం పట్టారు. తర్వాత రెండేళ్లకు, 2020 అక్టోబరులో, పిండానికి తీవ్ర లోపం ఉన్నా గర్భస్రావం కుదరదని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది. తీవ్ర వైకల్యంతో పుట్టిన బిడ్డకు ఒకేసారి 4,000 జ్లోటీలు ఇచ్చే చట్టం 2016 నుంచే ఉంది. పుట్టినరోజున 4,000 చేతిలో పెట్టారు, బాగానే ఉంది. ఆ బిడ్డకు ముప్ఫై ఏళ్లు వచ్చి, తల్లికి అరవై దాటి, ఎత్తి కూర్చోబెట్టే ఓపిక పోయాక ఎవరు చూడాలి? నాకు జవాబు కావలసింది ఆ రోజుకు.

రాతిమెట్టు:
ఆ 40 రోజుల సంగతి నాకు తెలియదు. రాత్రంతా అదే ఆలోచించాను. గర్భస్రావంపై నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా. మా దగ్గరున్న పెద్ద పిల్లవాడికి వచ్చే నెలలో పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజుతో అతని పేరున వచ్చే సాయం ఆగిపోతుంది. వాడికి ఒంటరిగా రోడ్డు దాటడం ఇంకా రాదు. ఇన్నేళ్లుగా మా సభలకు వెళుతున్నాను, ఇలాంటి పిల్లల ఊసు అక్కడ ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఈ ఆదివారం మళ్లీ సభ ఉంది. మాట్లాడటానికి నా పేరు ఇచ్చాను.