చదవకుండా నొక్కిన ‘ఒప్పుకుంటున్నాను’కు మనం ఎంతవరకు కట్టుబడాలి?

శారద_క
డిస్నీ మీద నడిచిన ఒక కేసు గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఫ్లోరిడాలో డిస్నీ ప్రాంగణంలోని ఒక రెస్టారెంట్‌లో భోంచేశాక అలర్జీ వచ్చి ఒక డాక్టరు చనిపోయారు. ఆమె భర్త నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లారు. ఆయన 2019లో ఆన్‌లైన్‌లో సినిమాలు చూపించే డిస్నీ ప్లస్ ట్రయల్ తీసుకున్నారట. అప్పుడు ఒప్పుకున్న షరతుల ప్రకారం తగాదాలన్నీ ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే, తేల్చుకోవాలి కాబట్టి కోర్టుకు రాకూడదని కంపెనీ లాయర్లు వాదించారు. జనం మండిపడ్డాక 2024 ఆగస్టులో ఆ వాదన వదులుకున్నారు. దాంతో అది చెల్లుతుందో లేదో కోర్టు చెప్పాల్సిన అవసరమే రాలేదు.

సినిమాలు చూద్దామని నొక్కిన బటన్, భార్య చనిపోయినప్పుడు కోర్టు తలుపు మూసేయగలదా? ఎవరూ చదవని కాగితానికి ‘సమ్మతి’ అని పేరు పెట్టడం అబద్ధం. చదవని షరతు ఏదీ చెల్లకూడదని నా వాదన.

ముసాయిదా
శారద గారూ, ఆ కేసు చదివి నాకూ బాధేసింది. కానీ నేను చాలా ఏళ్లుగా ఇలాంటి షరతులు రాసే పనిలోనే ఉన్నాను. ‘చదవలేదు కాబట్టి చెల్లదు’ అని ఒక్కసారి ఒప్పుకుంటే ఏ ఒప్పందమూ నిలవదు. మాట తప్పాలనుకున్న ప్రతివాడూ చదవలేదనే అంటాడు.

ఇంగ్లండ్‌లో 1934 నాటి తీర్పు ఒకటుంది. ఒకావిడ తన కేఫ్ కోసం సిగరెట్లు అమ్మే యంత్రం కొన్నారు. అది సరిగ్గా పనిచేయలేదు. అమ్మినవాళ్లు బాధ్యత వహించరని ఆర్డరు కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది. ఆమె చదవలేదు, కానీ సంతకం పెట్టారు. సంతకం పెట్టాక కట్టుబడాల్సిందేనని కోర్టు అంది. కఠినమైన తీర్పే, కాదనను. కానీ సంతకానికి విలువ ఉండటం వల్లే ముక్కూమొహం తెలియని ఇద్దరు వ్యాపారం చేసుకోగలుగుతున్నారు.

ఖర్చు సంగతీ చూడండి. 1997లో గేట్‌వే కంప్యూటర్ల కేసులో అమెరికా జడ్జి ఫ్రాంక్ ఈస్టర్‌బ్రుక్ చెప్పింది ఇదే. ఫోన్లో ఆర్డరు తీసుకునే ఉద్యోగి షరతులన్నీ చదివి వినిపించాలంటే కొనేవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

విద్యుల్లత
కాంట్రాక్టు చట్టం పాఠం చెప్పేదాన్ని. మీ ఇద్దరూ సమ్మతిని ఒకే ముద్దగా చూస్తున్నారని నాకు అనిపిస్తోంది.

అమెరికా న్యాయశాస్త్ర పండితుడు కార్ల్ లెవెలిన్ 1960లోనే దాన్ని విడదీసి చూపించాడు. వస్తువు, ధర లాంటి కొన్ని విషయాలకు మనం నిజంగా ఒప్పుకుంటాం. మిగతా అచ్చు షరతులకు ఇచ్చేది గంపగుత్త అనుమతి మాత్రమే. అవి మరీ అన్యాయంగా ఉండవనీ, మనం మాట్లాడుకున్నదాన్ని దొడ్డిదారిన తారుమారు చేయవనీ నమ్మి ఇచ్చే అనుమతి అది. కాబట్టి చదివామా లేదా అనే దానికంటే, ఆ నమ్మకాన్ని ఏ షరతు దెబ్బతీసిందన్నదే అసలు సంగతి.

చదవడం గురించి కూడా అంచనాలు కట్టక్కర్లేదు. యానిస్ బాకోస్, ఫ్లోరెన్సియా మరోటా-వర్గ్లర్, డేవిడ్ ట్రోసెన్ అనే పరిశోధకులు కలిసి 90 సాఫ్ట్‌వేర్ కంపెనీల వెబ్‌సైట్లకు వచ్చిన 48,154 మంది ఏం నొక్కారో పరిశీలించి 2014లో ప్రచురించారు. లైసెన్సు ఒప్పందం తెరిచింది వెయ్యి మందిలో ఒకరో ఇద్దరో. తెరిచినవాళ్లలో కూడా చాలామంది కాసేపు చూసి వదిలేశారు. మన లెక్కన ఆ వెయ్యిలో 998 మంది బద్ధకస్థులని తేల్చలేం కదా. తెరిచినా మార్చే వీలు లేనప్పుడు తెరవకపోవడమే తెలివైన పని.

బటన్_డిజైనర్
ఆ బటన్లు గీసేవాళ్లలో నేనొకణ్ణి. కోర్టులు చెప్పింది మా తెర మీదికి ఎలా వచ్చిందో చెబుతాను.

2014లో బార్న్స్ అండ్ నోబుల్ కేసులో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఒక మాట అంది. పేజీలో షరతుల లింకు కనబడినంత మాత్రాన, అది కొనే బటన్‌కు దగ్గర్లో ఉన్నా సరే, కొన్నవాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. వాళ్లు ఒప్పుకుంటున్నట్టు ఏదో ఒక పని చేయాలి, లేదా షరతుల సంగతి వాళ్లకు తెలిసి ఉండాలి. వినియోగదారుడు గెలిచాడు. దాని నుంచి కంపెనీలు నేర్చుకున్నది మాత్రం ఒక టిక్ బాక్సు చేర్చాలని. షరతులు ఒక్క ముక్క మారలేదు. నొక్కించడం పెరిగింది, చదవడం పెరగలేదు. అందుకే బటన్‌ను సరిదిద్దితే సమస్య తీరుతుందనే మాట నేను నమ్మను.

శారద_క
విద్యుల్లత గారూ, నా మాట సరిచేసుకుంటున్నాను. చదవనిదేదీ చెల్లకూడదని కాదు, ఊహించలేనిది చెల్లకూడదు. సినిమాల చందాలో చందా గొడవలకు ఆర్బిట్రేషన్ ఉంటుందని ఎవరైనా ఊహించగలరు. హోటల్లో జరిగిన మరణానికి కూడా అదే వర్తిస్తుందని ఎవరు ఊహిస్తారు?

ముసాయిదా
ఈ మాటతో నాకు పేచీ లేదు. ఇది కొత్తదీ కాదు. కొన్ని క్లాజులను (షరతులను) ఎర్ర సిరాతో అచ్చువేసి, వాటిని చూపించే ఎర్రటి చెయ్యి బొమ్మ పెడితే తప్ప నోటీసు ఇచ్చినట్టు కాదని ఇంగ్లండ్ జడ్జి డెన్నింగ్ 1956లోనే అన్నాడు. షరతు ఎంత విపరీతమైతే నోటీసు అంత స్పష్టంగా ఉండాలి.

నా భయం వేరే. ఏది ఊహించదగినదో ఎవరు తేలుస్తారు? తగాదా వచ్చాక జడ్జి. అప్పటిదాకా నా క్లయింటు దేని మీద ఆధారపడాలి?

విద్యుల్లత
ముందే చెప్పవచ్చు, చెప్పిన చట్టాలూ ఉన్నాయి. యూరప్ 1993లో తెచ్చిన డైరెక్టివ్‌కు (సభ్యదేశాలు తమ చట్టాల్లో అమలు చేయాల్సిన ఆదేశానికి) అన్యాయం అనిపించుకోగల షరతుల జాబితా ఒకటి జతచేశారు. ఆ డైరెక్టివ్ ప్రకారం అన్యాయమని తేలిన షరతు వినియోగదారుణ్ణి కట్టడి చేయదు, మిగతా ఒప్పందం నిలవగలిగితే నిలుస్తుంది. వస్తువు, ధర స్పష్టంగా రాసి ఉంటే వాటి జోలికి కోర్టు రాదు. అంటే బేరం మీ చేతుల్లోనే ఉంటుంది, ముసాయిదా గారూ.

2000లో ఆ డైరెక్టివ్ మీద వచ్చిన తీర్పు నాకు చాలా ఇష్టం. విజ్ఞాన సర్వస్వాలను వాయిదాల మీద అమ్మిన కంపెనీలు, కొన్నవాళ్లు ఎక్కడున్నా కేసులు బార్సిలోనాలోనే నడవాలని రాసుకున్నాయి. కొన్నవాళ్లు అడగకపోయినా జడ్జి తనంతట తానే ఆ షరతు అన్యాయమా అని చూడవచ్చని యూరప్ న్యాయస్థానం చెప్పింది. అడగడం తెలియనివాళ్లకు కూడా చట్టం అందాలి కదా.

అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ అనే న్యాయనిపుణుల సంస్థ 2022లో ఆమోదించిన వినియోగదారుల కాంట్రాక్టుల రీస్టేట్‌మెంట్ (కోర్టులు అనుసరించే సూత్రాలను క్రోడీకరించిన పత్రం) దారి వేరు. నోటీసు, చూసుకునే అవకాశం ఉంటే షరతులు ఒప్పందంలోకి సులువుగా వచ్చేస్తాయి. తర్వాత మరీ అన్యాయమైనవాటిని, మోసపూరితమైనవాటిని కోర్టులు కొట్టేయాలి. ముందు తలుపు బార్లా తెరిచి, లోపల కాపలా గట్టిగా పెట్టడం లాంటిది.

శారద_క
ఆ కాపలాదారు దాకా వెళ్లేది ఎంతమంది? కెనడా సుప్రీంకోర్టు 2020లో తేల్చిన ఊబర్ డ్రైవర్ కేసు చూడండి. తగాదా వస్తే నెదర్లాండ్స్‌లో ఆర్బిట్రేషన్. మొదలుపెట్టడానికే దాదాపు 14,500 అమెరికన్ డాలర్ల ఫీజు. ఆ డ్రైవరు వారమంతా పనిచేస్తే వచ్చేది 400 నుంచి 600 డాలర్లు. ఆ క్లాజు చెల్లదని కోర్టు అంది, సంతోషమే. కానీ ఆ కేసు అంతదూరం వెళ్లకముందు, ఆ ఫీజు చూసి నోరు మూసుకున్నవాళ్లు ఎందరై ఉంటారు?

విద్యుల్లత
ఇదే అసలు గాయం. బోస్టన్ ప్రాంతంలోని ఇళ్ల అద్దె ఒప్పందాలను మెయిరావ్ ఫర్త్-మాట్జ్‌కిన్ అనే న్యాయ పరిశోధకురాలు పరిశీలించారు. చట్టప్రకారం చెల్లని షరతులు వాటిలో తరచుగా కనిపించాయి. అవి చెల్లుతాయనే నమ్మి అద్దెకున్నవాళ్లు తమ హక్కులు వదులుకునే ప్రమాదం ఉందని కూడా ఆమె చూపించారు. చెల్లని షరతు కూడా కాగితం మీద ఉన్నంతసేపూ తన పని తాను చేసుకుపోతుంది. కోర్టు కొట్టేస్తే కంపెనీ పోగొట్టుకునేది ఆ ఒక్క కేసే. మిగతావాళ్ల విషయంలో దానికి లాభమే.

అందుకే ఆస్ట్రేలియా వేసిన అడుగు ముఖ్యమైనది. 2023 నవంబరు 9 నుంచి అక్కడ అచ్చు ఒప్పందంలో అన్యాయమైన షరతు పెట్టడమే నేరుగా చట్ట ఉల్లంఘన. కంపెనీకి గరిష్ఠ జరిమానా 5 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. పొందిన లాభానికి మూడు రెట్లు గానీ, లాభం లెక్క తేలకపోతే ఆ కాలపు టర్నోవర్‌లో 30 శాతం గానీ అంతకంటే ఎక్కువైతే అదే గరిష్ఠం.

బటన్_డిజైనర్
ఇది మా మీటింగుల్లో పనిచేస్తుంది. ‘చెల్లకపోవచ్చు’ అంటే ఎవరూ పట్టించుకోరు. ‘జరిమానా పడుతుంది’ అంటే లీగల్ వాళ్లే వచ్చి తీసేయమంటారు.

ముసాయిదా
మీ ముగ్గురి మాటలూ రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. చెల్లుతుందన్న నమ్మకం లేని క్లాజులను నేనూ రాశాను. ‘ఉంటే నష్టమేముంది, ఉంచుదాం’ అంటాం. నష్టం ఎవరికో విద్యుల్లత గారు చెప్పారు. నా దగ్గర ఇందుకు జవాబు లేదు.

సంతకం విలువ మీద నా మాట మారలేదు. ధర, వస్తువు, గడువు ఒప్పుకున్నాక వెనక్కి పోకూడదు. జరిమానా విషయంలో మాత్రం మీవైపు వచ్చాను, దానికి నా వృత్తిలో కారణం ఉంది. అలాంటి క్లాజు తీసేద్దామని క్లయింటుకు చెప్పిన ప్రతిసారీ ‘పోటీ కంపెనీ తీసేసిందా?’ అని అడుగుతారు. తీసేయలేదని తెలుసు కాబట్టి నేను ఊరుకుంటాను. అందరికీ ఒకేసారి వర్తించే జరిమానా ఉంటే ఆ ప్రశ్న ఇక ఉండదు.

శారద_క
అయితే మనకు మిగిలిన తేడా ధర దగ్గరే. నెలనెలా దానంతటదే కట్ అయ్యే చందా ‘ధర’ కిందికి వస్తుందా, ‘అచ్చు షరతు’ కిందికి వస్తుందా? నా దృష్టిలో రెండోదే. మీరేమంటారు?