పాత బాబ్‌క్యాట్ 743: కంపెనీ సామానే వేయాలా, లేతులో చేయించుకుంటే చాలదా?

గుడ్లఫారం:
తణుకు దగ్గర మాకు లేయర్ కోళ్ల ఫారం ఉంది. షెడ్ల కింద పేరుకునే పెంట ఎత్తడానికి పోయిన ఏడాది బాబ్‌క్యాట్ 743 అనే ఒక పాత చిన్న లోడరు బండి కొన్నాను. తుక్కు ధర కంటే కాస్త ఎక్కువ పెట్టానంతే. ఇంజను సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. మిగతాదే ఇబ్బంది. ఎడమవైపు చక్రాలు బరువు మీద నీరసపడి, బండి ఆ పక్కకే లాగుతుంది. బకెట్టు పిన్నుల దగ్గర చిటికెన వేలు దూరేంత సందు. ఒడి మీదకు దించుకునే సీటు బారు లేదు, పెడళ్లను బిగించే తాళాన్ని కూడా ఎవరో కోసి పారేశారు.

ఇద్దరిని అడిగాను. నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పే పంపు, మోటార్లు అన్నీ అమెరికా నుంచి తెప్పిస్తానన్నాయన చెప్పిన అంకె నేను బండికి పెట్టిన దానికంటే పెద్దది. రెండో ఆయన "ఏదైనా తెచ్చి పడేయండి, లేతులో దించేస్తాం" అన్నారు. ఎవరి దారిన పోవాలి?

రోడ్డుపనులు:
మొదటి ఆయన దారిన. నేను మా లోడరు సిలిండరుకు నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ల కిట్టు ఒకటి చవకని కొన్నాను. పైకి అచ్చం ఒరిజినలే. మూడు వారాలకు రబ్బరు ఉబ్బి, ముక్కలై, వాల్వులోకి పోయింది. కిట్టులో మిగిలిన డబ్బు కంటే వాల్వు విప్పి కడిగించిన కూలే ఎక్కువైంది. పైగా ఆ నాలుగు రోజులు పని ఆగింది. పాత బండి కదా అని పాత చెప్పుకు వేసినట్టు అతుకులు వేస్తే ఇలాగే ఉంటుంది. నంబరు చూసి కంపెనీ సామాను వేయండి, లేదా బండిని ముట్టుకోకండి.

లేతుమేస్త్రి:
అయ్యా, కంపెనీ వాళ్లు బేరింగులు తయారు చేయరు, కొంటారు. మనమూ అక్కడే కొనవచ్చు. బేరింగు అంచు తుడిచి చూడండి. 6205 అని ఉంటే లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. అది బాబ్‌క్యాట్‌లో తిరిగినా, పిండిమరలో తిరిగినా అదే 6205. సీలు మీద కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం వరుసగా ఉంటాయి. చక్రాలను తిప్పే ఛైను 80వ నంబరుదైతే పిన్నుకూ పిన్నుకూ మధ్య అంగుళం, 100దైతే అంగుళంపావు. సికింద్రాబాద్ రాణిగంజ్‌ దుకాణాల్లో తిరిగే ఓపిక ఉంటే ఇవన్నీ దొరుకుతాయి. ఇంజను కుబోటా వి1702, దానికి బాబ్‌క్యాట్ పేరుతో వెతకడమే తప్పు. కుబోటా నంబరుతో వెతకండి.

సీలులో ఒక్కటే జాగ్రత్త. కొలత కలిస్తే చాలదు, వేడి నూనెను తట్టుకునే రబ్బరు కావాలి. రోడ్డుపనులు గారికి జరిగింది అదే అయ్యుంటుంది. తప్పు లేతుది కాదు, సీలుది.

ఇక పిన్నులు. అందరూ పాత పిన్ను తెచ్చి బల్ల మీద పెట్టి "ఇలాంటిదే చేయండి" అంటారు. అది అరిగిన పిన్ను! దాని కొలతకే కొత్తది దించితే కొన్న రోజునే వదులుగా ఉంటుంది. బుష్షు (పిన్ను తిరిగే గొట్టం) తగలని చివర, నలుపు ఇంకా పోని చోట కొలవాలి. ఈఎన్19 ఉక్కుతో చేసి, పైన హార్డ్‌క్రోమ్ అనే గట్టి పూత వేయించి, గ్రీజు రంధ్రం మరిచిపోకుండా ఉంటే కంపెనీ పిన్నుకు ఏం తీసిపోదు. బకెట్టును ఎత్తే ఆర్ము రంధ్రమే కోడిగుడ్డు ఆకారానికి తిరిగి ఉంటే మాత్రం ముందు దాన్ని మళ్లీ గుండ్రంగా బోరింగు చేయించాలి. గుండ్రని పిన్ను కోలగా ఉన్న రంధ్రంలో ఎన్నాళ్లు నిలుస్తుంది?

లెక్కలమనిషి:
తుక్కుకు అమ్మేసి, పెంట ఎత్తే రోజుల్లో బండి బాడుగకు తెచ్చుకోండి. ఏడాదిలో ఎన్ని రోజుల పని అది?

గుడ్లఫారం:
మా షెడ్ల స్తంభాల మధ్య పెద్ద బండ్లు తిరగవండి. బాడుగకు దొరికేవన్నీ పెద్దవే.

ఫార్గో_నుంచి:
స్తంభాల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఈ బండి పుట్టిందే ఆ బాధతో. మిన్నెసోటాలో రోత్‌సే అనే ఊరి దగ్గర ఒక టర్కీ కోళ్ల రైతుకు రెండంతస్తుల కొట్టం ఉండేది. స్తంభాల మధ్య తిరగాలి, పై అంతస్తు మోయగలిగేంత తేలికగా ఉండాలి. సిరిల్, లూయిస్ కెల్లర్ అనే అన్నదమ్ములు 1957లో మూడు చక్రాల లోడరు చేసి ఇచ్చారు. తర్వాత నార్త్ డకోటాలోని గ్విన్నర్‌లో మెల్రో కంపెనీ దాన్ని చేపట్టింది. నాలుగు చక్రాల ఎం400 వచ్చింది 1960లో. అంటే మీరు దాన్ని మళ్లీ కోళ్ల పెంటకే పెట్టి పుట్టింటికి చేర్చారు.

మా నార్త్ డకోటా వైపు రైతులు పాత 743లను ఇంకా వాడుతున్నారు. బండ్లు విప్పి భాగాలుగా అమ్మే యార్డులూ ఉన్నాయి. ఎవరిని అడిగినా ముందు సీరియల్ నంబరు చెప్పండి. మొదటి నాలుగు అంకెలు మోడలు, ఇంజను జతను తెలిపేవి, చివరి అయిదు తయారీ వరుస. ఒకే మోడలులో కూడా మధ్యలో భాగాలు మారాయి.

కానీ పంపు కొనేముందు ఆగండి. ఎడమకు ఒక పంపు, ఒక మోటారు, కుడికి ఒక పంపు, ఒక మోటారు. లీవరు కడ్డీలు సరిగా ఉన్నాయో చూశాక, బండిని దిమ్మల మీదకు ఎత్తి, ఇంజను ఆపి, పంపుల నుంచి మోటార్లకు వెళ్లే గొట్టాలను అటుదిటు మార్చండి. నీరసం కుడివైపుకు పోతే పంపు పోయినట్టు, ఎడమనే ఉంటే మోటారు వైపు వెతకాలి. గొట్టాల నోళ్లకు శుభ్రమైన మూతలు పెట్టండి. అక్కడ చిటికెడు పెంట దుమ్ము పడినా మంచి పంపు కూడా పోతుంది.

లేతుమేస్త్రి:
గొట్టాల దగ్గర ఇంకో మాట. అమెరికా బండి కాబట్టి మరలు ఎక్కువగా జేఐసీ అనే అమెరికా కొలత రకం. ముప్పావు అంగుళం మర అంగుళానికి 16 చుట్లు. మన దుకాణాల్లో చేతికందే బీఎస్‌పీ అనే బ్రిటిష్ కొలత రకంలో అర అంగుళం మర అంగుళానికి 14. చూపుకు దగ్గరగానే ఉంటాయి, కుర్రవాడు "సరిపోయింది" అంటాడు. మర గేజీ పెట్టి చూడకుండా బిగించనివ్వకండి.

రోడ్డుపనులు:
పిన్నులు, బేరింగుల సంగతి ఒప్పుకున్నాను. పంపు లోపలి పనిని మాత్రం లేతుకు వదలను. అక్కడ సందులు వెంట్రుక కంటే సన్నం. ఇక సీటు బారు గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరేం? ఆర్ములు మనిషికి రెండు పక్కలా దిగుతాయి. కిందికి వంగినప్పుడు మోకాలు పెడలుకు తగిలితే చాలు, ఆర్ములు కదులుతాయి. సీటు బారు లేకుండా మా కుర్రవాళ్లను ఎక్కించను. అతుకు వేసిన బారు వద్దు, తాళంతో సహా అసలుదే తెప్పించండి. సీటు చుట్టూ ఉండే రక్షణ చట్రానికి వెల్డింగు మంట తగలనివ్వకండి.

లేతుమేస్త్రి:
పంపు విషయంలో నేను ఒప్పుకోను, పంపు లోపలి పలకలను నునుపు పట్టే వాళ్లు మన దగ్గరా ఉన్నారు. సీటు బారు విషయంలో మీరు చెప్పిందే. నా దగ్గరికి వచ్చినా చేయను.

గుడ్లఫారం:
నిన్న గొట్టాలు మార్చాం. నీరసం ఎడమనే ఉంది. పంపు జోలికి పోనక్కర్లేదు! మోటారు దింపితే ఇరుసు సీలు చిరిగి నూనె ఛైను పెట్టెలోకి కారుతోంది. లోపలి అరుగుదల ఇంకా చూడాలి. సీటు బారు, దాని తాళం కావాలని సీరియల్ నంబరుతో ఫార్గో మిత్రులకు రాశాను. వేసవిలో అక్కడి నుంచి వచ్చే మా బావమరిది పెట్టెలో తెస్తానన్నాడు. బారు పొడవు పెట్టెలో పట్టదని మా చెల్లెలు అప్పుడే గొడవ మొదలుపెట్టింది.

మేస్త్రి గారూ, పిన్నులు ఆదివారం తెస్తాను.

లేతుమేస్త్రి:
పిన్నులు ఒక్కటే కాదండి, ఆర్ము రంధ్రాల కొలత కూడా తీసుకురండి. పై నుంచి కిందికి ఒకటి, అడ్డంగా ఒకటి.