ఓడ డెక్కు మీద ‘కర్చీఫ్’ వేయడం తప్పా?

మల్లెతీగ (డాలస్)

అందరికీ నమస్కారం. మార్చిలో పిల్లల బడి సెలవులకు మేము రెండు కుటుంబాలవాళ్ళం, మా అత్తమామలతో కలిపి తొమ్మిది మందిమి, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కి, మెక్సికోలోని కోజుమెల్, ప్రొగ్రెసో చూసుకుని ఐదు రాత్రుల తరువాత తిరిగి వచ్చాము. రెండవ రోజు ఓడ ఏ రేవుకూ చేరదు కనుక ఉన్న నాలుగు వేల మందీ పైడెక్కు మీదికే వస్తారని తెలిసి, ఉదయం ఏడు గంటలకే నేను వెళ్ళి, పూల్ పక్కన నీడ పడే వరుసలో ఆరు పడక కుర్చీల మీద ఓడవాళ్ళు ఇచ్చిన నీలిరంగు తువ్వాళ్ళు పరిచి, అవి గాలికి లేవకుండా చెప్పులూ నీళ్ళ సీసా ఉన్న సంచీ పెట్టి వచ్చాను. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పి. ఆమె చేత టిఫిను తినిపించి, లిఫ్టు కోసం ఎదురుచూసి, పైకి చేర్చేసరికి తొమ్మిదిన్నర అయింది. అప్పటికి మా వస్తువులన్నీ తువ్వాళ్ళు ఇచ్చే బల్ల దగ్గర మూటగా పడి ఉన్నాయి, కుర్చీల్లో వేరేవాళ్ళు పడుకుని ఉన్నారు. వారిలో ఒక జంట తెలుగువారే. అడిగితే ఆ పెద్దమనిషి లేవకపోగా మాకు నాలుగు నీతులు చెప్పారు. పెద్దవాళ్ళ కోసం ముందుగా చోటు పట్టుకోవడం అంత నేరమా?

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

నేరం కాదు గానీ తప్పే. నేను ఇరవై ఆరేళ్ళు ఓడల్లో ఇంజినీరుగా పనిచేశాను, అందులో చివరి తొమ్మిదేళ్ళు ప్రయాణికుల ఓడల్లోనే. మనిషి లేని కుర్చీ మీద పనివాడు వేళ రాసిన స్టిక్కరు అంటిస్తాడు. ఒక సంస్థ నలభై నిమిషాలంటుంది, మరొకటి అరగంటే అంటుంది. ఆ గడువు దాటితే వస్తువులు తీసి బల్ల దగ్గర పెడతారు. మీరు ఏడింటికి పరిచి తొమ్మిదిన్నరకు వచ్చారు. ఆరు కుర్చీలు, రెండున్నర గంటలు, అంటే పదిహేను కుర్చీ-గంటలు ఎవరికీ కాకుండా పోయాయి. ఆ వేళలో మోకాళ్ళ నొప్పి ఉన్న ఇంకొక పెద్దావిడ నిలబడే ఉండి ఉండవచ్చు కదా?

కృష్ణాతీరం (విజయవాడ)

మల్లెతీగ గారూ, మీరేమీ బాధపడకండి. పల్లెవెలుగు బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టని తెలుగువాడెవడో చూపించమనండి. అది దౌర్జన్యం కాదు, ఎవరూ కాగితం మీద రాయకపోయినా అందరూ ఒప్పుకున్న పద్ధతి. ఎవరైనా కూర్చోబోతే పక్కవాళ్ళే ‘ఇక్కడ మనిషున్నారండీ’ అని ఆపుతారు. తువ్వాలు ఉన్నదంటే మనిషి ఉన్నట్టే లెక్క.

చిరుజల్లు

తొమ్మిది మందికి ఆరు కుర్చీలేనా? మిగిలిన ముగ్గురి సంగతేమిటి?

మల్లెతీగ (డాలస్)

ముగ్గురూ పిల్లలండీ. నీళ్ళలోంచి వస్తే కదా కుర్చీ అవసరమయ్యేది.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

కృష్ణాతీరం గారు మంచి ఉపమానమే తెచ్చారు, కానీ అది వారికే అడ్డం తిరుగుతుంది. బస్సులో కర్చీఫ్ వేసినవాడు అప్పటికే తలుపు దగ్గర తోసుకుంటూ ఎక్కుతుంటాడు, రెండు నిమిషాల్లో సీటు దగ్గరికి వస్తాడు. కర్చీఫ్ వేసి, ఇంటికి వెళ్ళి స్నానం చేసి, ఉప్మా తిని వస్తానంటే ఏ ఊళ్ళోనూ ఒప్పుకోరు. ఓడవాళ్ళు నలభై నిమిషాలు ఇవ్వడమే ఔదార్యం.

ఇంకొక సంగతి. ఓడలో నియమాన్ని ‘ఇంత చిన్నదానికి ఎందుకులే’ అని తేలికగా తీసుకోకూడదు. 2012 జనవరి 13న కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ ఇటలీలోని జిల్యో దీవి దగ్గర బండను రాసుకుని ఒరిగినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన ప్రయాణికులకు, ప్రమాదం వస్తే ఏం చేయాలో చూపించే అత్యవసర కసరత్తు ఇంకా జరగనేలేదు, ఇరవై నాలుగు గంటల లోపల జరిపితే చాలునని అప్పటి నియమం. ఆ తరువాతే ఓడ కదలక ముందో, కదిలిన వెంటనేనో అది జరపాలని మార్చారు. ఇప్పటికీ ఆ కసరత్తుకు పిలిస్తే మనవాళ్ళు బఫే వరుసలో నిలబడి ఉంటారు, లేకుంటే ఫోటోలు తీసుకుంటూ ఉంటారు.

కృష్ణాతీరం (విజయవాడ)

ఓడ మునగడానికీ తువ్వాలుకూ సంబంధమేమిటో నాకు బోధపడలేదు. సరే, నియమం ప్రకారమే మాట్లాడుకుందాం. స్టిక్కరు వేశారా లేదా? వేయకుండా తీసివేస్తే నియమం తప్పినవారు ఓడవాళ్ళే అవుతారు. మల్లెతీగ గారూ, మీరు స్టిక్కరు చూశారా?

మల్లెతీగ (డాలస్)

చూడలేదండీ. మూటలో కూడా లేదు.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

వస్తువులు తీసేటప్పుడు స్టిక్కరు చించి పారేస్తారు, దానిని ఎవరైనా జ్ఞాపకంగా దాచి ఇస్తారా?

కృష్ణాతీరం (విజయవాడ)

చించారో, అసలు వేయనేలేదో మీరు చూడలేదు. చూడనిదానికి సాక్ష్యం చెప్పకండి.

కూకట్‌పల్లి నివాసి

స్టిక్కరు సంగతి పక్కన పెట్టండి. మేము హైదరాబాదు నుంచి ఒక టూరు బృందంతో సింగపూరు వెళ్ళి, అక్కడ మూడు రాత్రుల క్రూయిజ్ చేశాము. నలభై మందిమి. టూరు మేనేజరు భోజనశాల గుమ్మంలో నిలబడి మా పేర్లు ఒక్కొక్కటిగా గట్టిగా పిలుస్తుంటే, నాకు బల్ల కింద దూరాలనిపించింది. మా బృందంలో ఒక పెద్దాయన ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు తెచ్చారు. వేడి పుట్టించే సామాను క్యాబిన్‌లో నిప్పుకు కారణమవుతుందని ఓడల్లో రానివ్వరు కదా, స్కానింగులో పట్టుకుని, పేరు రాసిన చీటీ కట్టి, దిగే రోజున ఇస్తామని పక్కన పెట్టారు. ఆయన మూడు రోజులూ ఎదురుపడిన ప్రతి పనివాడినీ తన కుక్కరు గురించే అడిగారు. ఇంజిన్ రూం గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, మనం మారాలి.

కృష్ణాతీరం (విజయవాడ)

నేను మారను. పోయిన ఏడాది మా అబ్బాయి దగ్గరికి వెళ్ళి సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్ చేశాము. అక్కడ కూడా మా ఆవిడ శాలువా వేసి ఉంచిన కిటికీ పక్క కుర్చీని, మేము కాఫీ తెచ్చుకునేలోగా ఒక కుర్రవాడు ఖాళీ చేసి వేరేవారికి ఇచ్చాడు. మన దగ్గర గ్రాట్యుటీ అంటే రిటైరయ్యాక వచ్చే సొమ్ము. అక్కడ మాత్రం అది పనివాళ్ళకిచ్చే టిప్పు, మనిషికి రోజుకు 16 డాలర్ల చొప్పున మమ్మల్ని అడగకుండానే ఖాతాలో రాసేశారు. నలుగురికి, ఏడు రోజులకు 448 డాలర్లు. మర్యాద చేయని చోట ఆ సొమ్మెందుకని, చివరి రాత్రి కౌంటరు దగ్గరికి వెళ్ళి మొత్తం తీసివేయించాను. ఎందుకని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు, అంటే అది మన హక్కేనన్నమాట.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

అయ్యా, ఇప్పుడు అసలు సంగతి బయటపడింది. శాలువా తీసిన కుర్రవాడు ఒక్కడు. మీరు కోసినది మీ పడక సర్దినవాడి జీతం, ఏడు రోజులూ మీకు వడ్డించినవాడి జీతం, మీరెన్నడూ ముఖం చూడని వంటపాత్రలు కడిగేవాడి జీతం. ఆ సొమ్ము వాళ్ళ మీద దయతో ఇచ్చే ఇనాం కాదు, వాళ్ళ సంపాదనలో పెద్ద భాగమే అది. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారమే రోజుకు పద్నాలుగు గంటలు, వారానికి 72 గంటల దాకా పని చేయించుకోవచ్చు. ఆరేడు నెలలు ఒక్క సెలవు రోజైనా లేకుండా చేస్తారు.

నేను పనిచేసిన ఓడలో పూల్ దగ్గర బాలి దీవి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఉండేవాడు. జేబులో స్టిక్కర్ల చుట్ట, మెడలో తాడుకు కట్టిన పెన్ను. ఒక రోజు తువ్వాలు తీసినందుకు ఒక ప్రయాణికుడు అందరి ముందు అరిచి, ఫిర్యాదు కాగితం కూడా రాశాడు. మర్నాటి నుంచి వాణ్ణి పూల్ నుంచి తప్పించి, తెల్లవారుజామున కుర్చీలు కడిగే పనికి వేశారు. ఉప్పునీటికీ సబ్బుకూ చేతులు పగిలి, క్రూ మెస్‌లో అన్నం స్పూనుతో కూడా పట్టుకోలేకపోయేవాడు. వాడు చేసింది నియమాన్ని అమలు చేయడమే. డబ్బు కట్టాము కనుక ఓడలో ఉన్న మనుషులను కూడా కొన్నామనుకునే మనవాళ్ళ పద్ధతి చూస్తే నాకు సిగ్గు వేస్తుంది. సూటిగా చెబుతున్నాను, ఎక్కడికి వెళ్ళినా మనవాళ్ళు ఇంతే.

కృష్ణాతీరం (విజయవాడ)

ఆ కాగితం రాసినవాడు తెలుగువాడా?

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

కాదు.

కృష్ణాతీరం (విజయవాడ)

మరి అతణ్ణి చూసి ‘ఎక్కడికి వెళ్ళినా వాళ్ళు ఇంతే’ అని మీరెందుకు అనలేదు?

చిరుజల్లు

2022 జూన్‌లో విశాఖ రేవుకు క్రూయిజ్ వచ్చినప్పుడు మేము చెన్నై దాకా వెళ్ళాము. ఓడలో దాదాపు అందరమూ భారతీయులమే. అక్కడా తువ్వాళ్ళు పరిచారు, అక్కడా తగవులాడుకున్నారు, కానీ ‘మనవాళ్ళు ఇంతే’ అన్న మాట ఒక్కసారి కూడా వినపడలేదు. చూసే తెల్లవాడు లేనప్పుడు అది మామూలు తగవే అయింది.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

చూసేవాడు ఉన్నప్పుడు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండడంలో తప్పేముంది? విదేశీ ఓడల్లో పనిచేసినన్నాళ్ళూ, ఒక భారతీయుడు తాగి గొడవ చేస్తే మర్నాడు పొద్దున ఇంజిన్ గదిలో నన్నే చూసి నవ్వేవారు. ఆ నవ్వు మీరు భరించలేదు, నేను భరించాను. మనవాడిని మనమే ముందు చెప్పి ఆపుకుంటే, పరాయివాడు చెప్పే అవసరం ఉండదు.

మల్లెతీగ (డాలస్)

ఇంతవరకు రాయని సంగతి ఒకటి ఉంది. చర్చ దాని మీదికే వచ్చింది కనుక రాస్తున్నాను.

మా తువ్వాళ్ళు ఓడవాళ్ళు తీయలేదు. మూడవ రోజు తువ్వాళ్ళు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ బల్ల దగ్గరి అమ్మాయి చెప్పింది, మూట తెచ్చి ఇచ్చింది ఒక పెద్దమనిషి అని. గుర్తులు చెబితే ఆయనే. మా పక్క వరుసలో రెండు కుర్చీల మీద ఒక లావుపాటి నవల, ఒక జత హవాయి చెప్పులు మేము వచ్చేసరికే ఉన్నాయి, పదకొండింటికి ఒక అమెరికన్ దంపతులు వచ్చి కూర్చునేదాకా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. మా సంచీ మీద మా ఊరి బట్టల దుకాణం పేరు తెలుగులో ఉంటుంది. దానిని చూసే ఆయన మావి తీశారని నాకు గట్టి అనుమానం.

ఆయన చెప్పిన నీతులు కూడా రాస్తాను. “ఇదేమన్నా పల్లెవెలుగు బస్సనుకున్నారా? మీలాంటివాళ్ళ వల్లనే మాకందరికీ తలవంపులు” అన్నారు, నవ్వు ముఖంతో, మెల్లగా, చుట్టూ ఉన్నవారికి అర్థం కాకుండా తెలుగులో. కృష్ణాతీరం గారు పైన మంచి మనసుతోనే ఆ బస్సు మాట ఎత్తారు, కానీ చదవగానే నాకు మళ్ళీ అదే గుర్తుకు వచ్చింది. మా మామగారు ముప్పై ఒక్క సంవత్సరాలు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు.

మామగారు ఆ మనిషితో ఏమీ అనలేదు. సంచీ తీసుకుని క్యాబిన్‌కు వెళ్ళిపోయారు. కోజుమెల్‌లో దిగలేదు, ప్రొగ్రెసోలో దిగలేదు. భోజనం కూడా జనం పలచబడ్డాక తొమ్మిదింటికి వెళ్ళి తిని వచ్చేవారు. నిజానికి ఆ రోజు పొద్దున నేను తువ్వాళ్ళు తీసుకుని బయలుదేరుతుంటే, ‘ఆరెందుకమ్మా, మీ అత్తయ్యకు ఒకటి వేసి నువ్వు పక్కన కూర్చో, నేను ఆమెను తీసుకువస్తాను’ అన్నది ఆయనే. నేనే వినలేదు. కనుక ఇంజిన్ రూం గారు చెప్పిన పదిహేను కుర్చీ-గంటల లెక్క సరైనదే, అది ఒప్పుకుంటున్నాను. ఇంటికి వచ్చాక ఒక రాత్రి మామగారు తనంతట తానే అన్నారు, ‘కర్చీఫ్ తగవులు రోజుకు పది తీర్చేవాణ్ణి. కర్చీఫ్ తీసి చేతిలో పెట్టి, వెనక సీటు చూసి కూర్చోబెట్టేవాణ్ణి. నీదేవూరు అని ఎవరినీ అడగలేదు’ అని.

కూకట్‌పల్లి నివాసి

అమ్మా, ‘మనం మారాలి’ అన్న నా మాట వెనక్కి తీసుకోను గానీ, ఆ పెద్దమనిషి చేసింది మాత్రం అన్యాయం.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

ప్రయాణికుడు మరొక ప్రయాణికుడి వస్తువులను ముట్టుకోకూడదు. పనివాడిని పిలిచి చెప్పాలి. ఆయన చేసినది నియమ విరుద్ధం, ఇందులో నాకు రెండో మాట లేదు. మిగిలిన రెండు కుర్చీల నవలా చెప్పులూ కూడా తీయించవలసిందే.

తలవంపుల మాట నేను అననని చెప్పలేను. ఆ రోజున ఆయన స్థానంలో నేను ఉంటే తువ్వాళ్ళు ముట్టుకునేవాణ్ణి కాను గానీ, ఆ మాట నా నోట కూడా వచ్చి ఉండేదేమో. మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి.

మల్లెతీగ (డాలస్)

చెబుతానండీ. ఏమని చెప్పాలో ఆలోచించుకుని చెబుతాను.

కృష్ణాతీరం (విజయవాడ)

అయితే స్టిక్కరు వేయనేలేదన్నమాట. నేను మొదటి నుంచీ అడుగుతున్నది అదే కదా.

ఇంజిన్ రూం (విశాఖపట్నం)

స్టిక్కరు వేయలేదు, ఒప్పుకున్నాను. ఆ 448 డాలర్ల సంగతి మీరింకా చెప్పలేదు.