అప్‌డేట్: చర్చి ఆవరణలో రాయి మీద 1919 ఎందుకుంది?

మొన్న అడిగాను కదా, ఇంగ్లాండ్‌లో మేముంటున్న ఊరి చర్చి ఆవరణలో మొదటి ప్రపంచ యుద్ధ స్మారకం మీద "1914-1919" అని ఉంది, యుద్ధం 1918లోనే అయిపోయింది కదా, చెక్కినవాళ్లు పొరబడ్డారా అని. పొరపాటేమీ లేదట. 1918 నవంబర్ 11న ఆగింది కాల్పులు మాత్రమే. జర్మనీతో శాంతి ఒప్పందం, అంటే వెర్సాయ్ సంధి మీద సంతకాలు పడింది 1919 జూన్ 28న. అందుకే కొన్ని ఊళ్లలో 1918 అని, కొన్నింట్లో 1919 అని చెక్కించుకున్నారు.

రెండో ప్రశ్న, స్మారకం మీదున్న అన్ని పేర్లలో ఒక్కరికే అక్కడ సమాధి ఎందుకుందని. విదేశాల్లో చనిపోయినవాళ్లను ఇంటికి తేకూడదని అప్పట్లో నియమం పెట్టారు. డబ్బున్నవాళ్లు తెచ్చుకుని, లేనివాళ్లు ఏడుస్తూ ఉండిపోకూడదని. గాయాలతోనో జబ్బుతోనో ఇక్కడ కన్నుమూసినవాళ్లకే సొంతూరి మట్టి దక్కింది. ఆదివారం మళ్లీ వెళ్లి చూశాను. ఆ సమాధి మీద తెల్లటి రాయి, నా నడుము దాకా కూడా లేదు. పైన రెజిమెంట్ గుర్తు, కింద 1919 ఫిబ్రవరి తేదీ. అంచులంతా నాచు. గోరుతో గీకబోయి ఆగిపోయాను, రాయి పాడవుతుందని ఇక్కడెవరో ముందే హెచ్చరించారు, థాంక్స్ అండీ.

మన పశ్చిమ గోదావరిలో సైనికుల ఊరిగా పేరున్న మిలిటరీ మాధవరం గురించి రాసినవారికి కూడా. ఈసారి ఇండియా వచ్చినప్పుడు అక్కడికీ వెళ్తాను. నాన్నగారు ఇప్పటికే కారు మాట్లాడేశారు!